స్కోరు బల్ల వైపు నుంచి

జనవరి 12

బాబాయ్,

ఫోన్ చేస్తే నువ్వు "ఊఁ" అంటావు, "సరే" అంటావు, "ఉంటాను మరి" అంటావు. ఆ మూడు తప్ప నీ నోట్లోంచి ముత్యాలు రాలవు. పిన్ని ఉన్నప్పుడు ఫోన్ ఆవిడ శాఖ, ఉత్తరాలు నీ శాఖ. అందుకే కాగితం మీద పడ్డాను. నా చేతిరాత చూసి నవ్వకు. పదేళ్లుగా పెన్ను పట్టుకున్న పాపాన పోలేదు.

నాకో సాయం కావాలి. మా ఆఫీసులో చేసేది బాస్కెట్‌బాల్ వీడియో గేమ్ అని నీకు తెలుసుగా. టీవీ ముందు కూర్చుని, చేతిలో కంట్రోలర్ పట్టుకుని, తెర మీద పది మందిని పరిగెత్తించే ఆట. ఏటా కొత్తది వస్తుంది, ఏటా అవే తిట్లు పడతాయి. బంతి ఉన్నవాడికి వంద విద్యలు నేర్పారు, అడ్డుకునేవాడికి ఒక్కటీ నేర్పలేదు అంటారు. నిజమే బాబాయ్. మా ఆటలో అడ్డుకోవడమంటే ఒక బటన్ నొక్కడం. నొక్కితే చెయ్యి ఊగుతుంది. బంతి వస్తే వచ్చినట్టు, రాకపోతే లేదు. లాటరీ. కాళ్లు నేలకి ఆనవు, సబ్బు నీళ్ల మీద జారినట్టు జారతాయి. ఇద్దరు ఒకరినొకరు రాసుకున్నారా, అక్కడే అతుక్కుపోతారు. పిన్ని నాకు "జిగురు" అని పేరు పెట్టిందని మా ఆఫీసులో తెలిస్తే నా పని అయిపోయేది.

ఈసారి డిఫెన్స్ మొత్తం నాకూ, ఇంకో ఇద్దరికీ అప్పగించారు. ఏప్రిల్ నెలాఖరుకి పరీక్ష. ఆడి చూసేవాళ్లు పన్నెండు మంది. వాళ్లు బాగుందంటే మేం చేసింది ఆటలోకి వెళుతుంది. లేదంటే నిరుటిదే మళ్లీ పెట్టేసి, మమ్మల్ని ప్రేక్షకుల విభాగానికి పంపేస్తారు. గ్యాలరీలో కూర్చున్న బొమ్మలు చప్పట్లు ఎలా కొట్టాలో చూసుకోవడమన్నమాట.

నాకు తెలిసి డిఫెన్స్ అంటే పిన్నే. చిన్నప్పుడు ఆవిడ ఎదురుగా బంతి పట్టుకుని నిలబడ్డాను గాని, ఏం జరుగుతోందో తెలిసేలోపే బంతి పోయేది. నువ్వు ఆవిడ ఆడిన ప్రతి ఆటా చూశావు. ఎలా ఆడేదో రాసి పంపవా? ఆవిణ్ణి మా ఆటలో పెట్టాలని ఆశగా ఉంది.

నీ జిగురు


జనవరి 20

జిగురూ,

ఉత్తరం అందింది. చేతిరాతకు నవ్వు రాలేదు. చదవడానికి మాత్రం రెండు పూటలు పట్టింది.

నేను బాగున్నాను. మోకాలు అలాగే ఉంది. వంట నేర్చుకున్నాను. వండింది నేనే తింటున్నాను కాబట్టి ఫిర్యాదులు లేవు.

నువ్వు అడిగినది నేను చేయలేను. మీ పిన్ని పోయి పది నెలలు. ఆమెను బొమ్మను చేసి, నంబరున్న బనీను తొడిగి, ఎవరెవరో బటన్లు నొక్కి ఆడించడం నాకు ఇష్టం లేదు. ప్రేమతోనే అడిగావని తెలుసు. అయినా ఇష్టం లేదు.

మీ ఆటలో కాళ్లు జారుతున్నాయని రాశావు. ఆమె కాళ్లు జారేవి కావు. ఒకదాన్నొకటి దాటేవీ కావు. ఏ వైపు వెళ్లాలో ఆ వైపు కాలు ముందు కదిలేది. రెండోది వెనక వచ్చేది, కాని మొదటిదాన్ని తాకేది కాదు. ఎప్పుడు చూసినా రెండింటి మధ్య మూరెడు జాగా. అందరి బూట్లూ మునివేళ్ల దగ్గర అరిగితే ఆమెవి లోపలి అంచున అరిగేవి. బూట్లు బాగుచేసే అతను ఒకసారి నన్ను అడిగాడు, "ఏం సార్, అమ్మగారు నడవరా? పీతలా పక్కకి పాకుతారా?" అని. ఆమెకు చెబితే వారం రోజులు నవ్వింది.

ఇంతకన్నా రాయలేను.

బాబాయి


జనవరి 29

బాబాయ్,

తప్పు నాది. తొందరలో ఏదో రాసి పడేశాను. బొమ్మ కాదు బాబాయ్. మొహం వద్దు, పేరు వద్దు, ఆవిడ జడ వద్దు, మెడలో విజిలూ వద్దు. నాకు కావాల్సింది ఆవిడ ఆట. తెర మీద పది మందికీ ఆ కాళ్లు ఇవ్వాలని. ఎక్కడ ఎవరు ఆడినా, అడ్డుకునేటప్పుడు అది పిన్ని అడ్డుకోవడమే అవ్వాలి. అది ఆవిడదని నీకూ నాకూ తెలిస్తే చాలు.

"చేయలేను" అని రాసి, వెంటనే కింద కాళ్ల సంగతి రాశావు చూడు, ఆ నాలుగు ముక్కలతో మా ముగ్గురికి వారం పని దొరికింది. మా జట్టులో ఒకతను ఉన్నాడు. వయసు ముప్పయ్యే గాని ప్రతిదానికీ "మా కాలంలో" అంటాడని అందరూ తాతగారు అంటాం. అతన్ని ఆఫీసు వరండాలో నిలబెట్టి, నిజం బంతితో ఆడి చూశాం. కాళ్లు ఎడంగా పెట్టి, నడుం వంచి, పక్కకి పక్కకి వెళుతుంటే పై అంతస్తు ఆవిడ ఆగి, "అయ్యో, నడుం పట్టేసిందా అండీ? మా వారికీ ఇంతే" అంది. తాతగారు ఆ రోజంతా మళ్లీ వరండా మొహం చూడలేదు.

పాదం నేలకి ఆనితే గాని రెండోది కదలకూడదని రూలు పెట్టాం. జారడం ఆగిపోయింది! నిజంగా ఆగిపోయింది బాబాయ్.

ఇక చేతులు. ఆవిడ చెయ్యి ఎప్పుడు చాపేది? దేన్ని చూసేది? సెలవుల్లో మీ ఊరొచ్చినప్పుడు స్కూలు గ్రౌండులో "బంతిని చూడకే పిచ్చిదానా, బంతి అబద్ధాలాడుతుంది" అనేది. మరి ఏది నిజం చెబుతుందందో గుర్తు రావడం లేదు. నీకు గుర్తుందా?

నీ జిగురు


ఫిబ్రవరి 8

జిగురూ,

నడుము. కళ్లు, తల, భుజాలు, బంతి అన్నీ ఒక వైపు చూపించి ఇంకో వైపు వెళ్లగలవు. నడుము వెళ్లలేదు. అది ఎటు తిరిగితే మనిషి అటే వెళ్లాలి. ఆమె అక్కడే చూసేది.

చెయ్యి ఎప్పుడు చాపేదని అడిగావు. చాపేది కాదు. ఎదుటి మనిషి తన చేతికి జానెడు దూరంలో అందకుండా ఉండేలా నిలబడేది. ఆ దూరం తగ్గితే దాటిపోతారు, పెరిగితే అక్కడి నుంచే బాస్కెట్ వేస్తారు. ఆ జానెడును ఆట మొత్తం కాపాడుకునేది. వాళ్లు ఒక దారి అనుకుని బయలుదేరితే ఆ దారిలో ముందే ఉండేది. ఇంకో దారి అనుకుంటే అక్కడా ఉండేది. మూడోసారి అనుకునే ఓపిక ఎవరికీ ఉండదు. బంతి పక్కవాళ్లకు ఇచ్చేస్తారు, లేదా తొందరపడి విసిరేస్తారు. అప్పుడు చెయ్యి ఎత్తేది. అది కూడా బంతి కోసం కాదు, చూపుకు అడ్డం.

నీకు తెలియని సంగతి ఒకటి ఉంది. కాలేజీలో నన్ను స్కోరు బల్ల దగ్గర కూర్చోబెట్టింది ఆట తెలిసినందుకు కాదు. చేతిరాత బాగుంటుందని. బాస్కెట్ పడితే పేరు ఎదురుగా రాయడం నా పని. మొదటి ఏడాది పదకొండు ఆటల్లో ఆమె పేరు ఎదురుగా నేను రాసినవి పద్నాలుగు పాయింట్లు. చివరి ఆట అయ్యాక బల్ల దగ్గరికి వచ్చింది. పుస్తకం తన వైపు తిప్పుకుని చూసింది.

"నేనసలు ఆడానా?" అంది.

"ఆడారండీ."

"మరి ఇందులో లేనే?"

"మీరు బాస్కెట్లు వెయ్యలేదు కదండీ."

"వేసేవాళ్లని వెయ్యనివ్వలేదు. దానికి గడి లేదా?"

"లేదండీ."

"గియ్యండి మరి. గీతలు బాగా గీస్తారటగా."

గీశాను. తరువాతి ఆట నుంచి అసలు పుస్తకం కింద ఇంకొక పుస్తకం పెట్టుకున్నాను. పేజీకి ఒక కోర్టు బొమ్మ. ఆమె కాపలా కాసే మనిషి బంతితో బయలుదేరిన చోటు నుంచి ఒక సన్నని గీత. ఆ దాడి ఎక్కడ ఆగిపోయిందో అక్కడ అడ్డంగా ఒక గీటు. పైన "ఆగినవి" అని శీర్షిక. కాలేజీలో రెండేళ్లు. తరువాత ఆమె డ్రిల్ టీచరైంది, నేను నక్షాల ఆఫీసులో చేరాను, టీచర్ల జట్టు ఆడినప్పుడల్లా బల్ల దగ్గర నేనే కూర్చున్నాను. అది తొమ్మిదేళ్లు. అసలు స్కోరు పుస్తకాలు ఎప్పుడో చిత్తు కాగితాల్లో కలిసిపోయాయి. ఆమె ఆడిందనడానికి మిగిలిన రుజువు ఇదొక్కటే.

ఆమె పోయాక తెరవలేదు. నిన్న తెరిచాను.

పుస్తకం పంపలేను. పదకొండు పేజీలు ట్రేసింగు కాగితం మీదకు ఎక్కించి పంపుతున్నాను. చెయ్యి ఇంకా వణకడం లేదు. ప్రతి పేజీలోనూ కింద ఉన్నది బల్ల వైపు గీత.

బాబాయి


ఫిబ్రవరి 24

బాబాయ్,

నీ కాగితాలు చూసి మా వాళ్లు నోరు తెరిచారు. "ఇవి చేత్తో గీసినవా?" అని తాతగారు వేలితో తడిమి చూడబోతే చెయ్యి మీద కొట్టాను. ఒక్కో గీతా వెంట్రుకంత. నువ్వు నక్షాల ఆఫీసులో ఎందుకు అంత పేరు తెచ్చుకున్నావో ఇన్నాళ్లకి తెలిసింది.

ఇక విను. కళ్లు నడుం మీద పెట్టాం. ఆ జానెడు దూరం పెట్టాం. ఎదుటివాడు మనసు మార్చుకునేదాకా చెయ్యి కదలకూడదన్నాం. మొన్న మా పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. ఈ ఆఫీసులో అందరికంటే బాగా ఆడతానని ఆయనకి గట్టి నమ్మకం. ఆయన బంతితో వస్తున్నాడు, నా బొమ్మ అడ్డుకుంటోంది. ఎడమకెళ్లాడు, ఉంది. కుడికెళ్లాడు, ఉంది. గిర్రున తిరిగాడు, ఉంది. చిరాకేసి ఎక్కణ్ణుంచో బంతి విసిరాడు, అది గోడకి తగిలింది.

"ఏ బటన్ నొక్కావు నువ్వు?" అన్నాడు.

"ఏదీ నొక్కలేదు సార్. మీరే పారేసుకున్నారు."

"మళ్లీ ఆడదాం."

ఏడుసార్లు ఆడాడు. పిన్ని చూసి ఉంటే పొట్ట పట్టుకుని నవ్వేది.

నీ గీటులన్నీ కింది గీత దగ్గరే ఉన్నాయి కదా, మేమూ అలాగే పెట్టాం. మా డిఫెండర్ వచ్చినవాణ్ణి ముట్టుకోకుండా, దారులు మూస్తూ మెల్లగా కింది గీత వైపే నెడుతుంది. పక్క గీత ఉంటే మన జట్టులో ఆరో మనిషి ఉన్నట్టే అని పిన్ని ఊరికే అనలేదు. గీతకి చేర్చాక ఇక పోవడానికి చోటుండదు.

ఒక్కటే అర్థం కాలేదు. ఎప్పుడూ కింది వైపుకే ఎందుకు నెట్టేది? పైన కూడా గీత ఉందిగా?

నీ జిగురు


మార్చి 5

జిగురూ,

మీ పెద్దాయన సంగతి రెండుసార్లు చదివాను.

ఇల్లు సర్దుతున్నాను. ఆమె బూట్లు ఎవరికైనా ఇవ్వమని మీ అమ్మ చెప్పింది. ఆ అరిగిన తీరు చూసి ఎవరూ తొడుక్కోరు. అలమరాలోనే పెట్టాను.

కింది వైపుకే ఎందుకని అడిగావు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కింద బల్ల ఉంది. బల్ల దగ్గర నేను ఉన్నాను.

మొదటి ఏడాది ఇలా లేదు. "గియ్యండి" అన్న తరువాతే. ఎవరు బంతితో వచ్చినా, కోర్టుకు అడ్డంగా తోసుకుంటూ తీసుకువచ్చి నా ముందు ఆపేది. ఒకసారి బంతి ఎగిరి సిరాబుడ్డి మీద పడింది. కొత్త చొక్కా నీలంగా మారింది. "అయ్యో, చూసుకోలేదండీ" అంది. ఆ ముఖంలో అయ్యో అన్న ఛాయ ఎక్కడా లేదు. ఆ రోజే నాకు అర్థమైంది.

పెళ్లయ్యాక కూడా ఆమెను అడగలేదు. అడిగితే నవ్వేసేది, ఆ తరువాత మానేసేది. మానకూడదని అడగలేదు.

పుస్తకంలో గీటులన్నీ కిందనే ఎందుకు ఉన్నాయో ఇప్పుడు నీకు తెలుసు. మీ ఆటలో పెట్టడానికి ఇది పనికిరాదు. ఊరికే రాశాను.

బాబాయి


మార్చి 6

బాబాయ్,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. ఆగలేక రాస్తున్నాను. కొంప మునిగినంత పనైంది, మళ్లీ తేలింది.

అసలు పరీక్షకి ముందు చిన్న పరీక్ష ఒకటి పెట్టారు. నలుగురు వచ్చి ఆడారు. మొదటి అరగంట మెచ్చుకున్నారు. తర్వాత ఒకమ్మాయి కనిపెట్టేసింది. పై గీత పక్క నుంచి వస్తే మా డిఫెండర్ కింది వైపుకి నెట్టబోయి, కోర్టు మధ్యలోకి తలుపు బార్లా తెరిచి పెడుతోంది! అంతే, నలుగురూ అక్కణ్ణుంచే దూరి దూరి బాస్కెట్ల మీద బాస్కెట్లు వేశారు. ఆ అమ్మాయి లేచి వెళ్తూ, "మీ వాళ్లకి సగం కోర్టే కనపడుతుందా?" అంది.

రెండు రోజులు మా లెక్కే తప్పిందనుకుని కొట్టుకున్నాం. తర్వాత నీ పదకొండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పేర్చి కిటికీ అద్దానికి ఆనించి చూశాను. గీటులు అరవై మూడు. పై సగంలో ఎన్నో తెలుసా? మూడు.

అప్పుడు వెలిగింది. పిన్ని రెండు వైపులా అడ్డుకునేది బాబాయ్! ఏ గీత దగ్గరుంటే దానివైపే నెట్టి ఉంటుంది. అవతలి వైపువి నీకు కనపడలేదు, అంతే. మధ్యలో అంతమంది, అటూ ఇటూ పరిగెత్తే రెఫరీ, పైగా నీ తల పుస్తకంలో. నువ్వు రాసింది సగం ఆటే. బల్ల వైపు సగం. ఇందులో వింతేం లేదు, ఎవరు కూర్చున్నా అంతే కనపడుతుంది.

ఇప్పుడు దారి తెలిసింది కాబట్టి బాగుచేయడం ఎంతసేపు! హమ్మయ్య.

నీ జిగురు


మార్చి 11

బాబాయ్,

నీ ఐదో తారీకు ఉత్తరం ఇప్పుడే వచ్చింది.

నా ఆరో తారీకుది చింపెయ్యి. చదివేసి ఉంటే నన్ను తిట్టు. నాకు తెలియదు బాబాయ్. తెలిస్తే అలా రాసేదాన్నా?

నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తడం లేదు. ఒక్కసారి ఎత్తి "ఊఁ" అను చాలు.

జిగురు


ఏప్రిల్ 2

జిగురూ,

ఫోన్ మోగింది. ఎత్తలేదు. కోపం కాదు. లెక్కపెడుతున్నాను.

పుస్తకం మొత్తం అయింది. గీటులు ఆరు వందల నలభై. పై సగంలో ముప్పై ఒకటి. నువ్వు రాసింది నిజం.

మొన్న స్కూలుకు వెళ్లాను. మీ పిన్ని తరువాత వచ్చిన డ్రిల్ టీచరు నన్ను గుర్తుపట్టింది. బల్ల వేసే చోట కుర్చీ వేయించింది. పిల్లలు ఆడుతుంటే గంటసేపు కూర్చున్నాను. అవతలి గీత దగ్గర ఏం జరుగుతుందో కనబడదు. ఇవతల కనబడినదాన్ని రాద్దామని తల వంచితే, ఎత్తేసరికి ఇంకొకటి అయిపోతుంది. ఇన్నేళ్లూ ఇది నాకు తోచలేదు. నాకు కనబడినదే ఆట అనుకున్నాను. నా ముందు జరిగినదంతా నా కోసం జరిగిందనుకున్నాను.

ఆస్పత్రిలో కూడా పుస్తకం పెట్టాను. ఎన్ని గంటలకు ఎంత జ్వరం, ఏ మాత్ర, ఎన్ని గుక్కల నీళ్లు. గడులు గీసి. పెద్ద డాక్టరు తన దగ్గర చదివేవాళ్లను పిలిచి చూపించాడు. ఒక మధ్యాహ్నం ఆమె, "రాసింది చాల్లెండి, కాస్త ఇటు చూడండి" అంది. "ఒక్క నిమిషం" అన్నాను. గడి పూర్తి చేసి చూశాను. అప్పటికి నిద్రపోయింది.

ఆ తరువాత మూడు వారాలు ఉంది. మాట్లాడింది, నవ్వింది. ఆ రోజు ఏం చూడమన్నావని అడిగాను. "ఏమో, గుర్తు లేదు" అంది.

నీ తప్పు లేదు. ఉత్తరం చింపలేదు. అన్నిటితో పాటు దాచాను. రెండు వైపులా సరిచేసుకో. ఆమె ఆటను సగమే రాసినవాణ్ణి నేను. మిగతా సగం ఆమె ఎదురుగా నిలబడినవాళ్లకు తెలిసి ఉండాలి. నువ్వు నిలబడ్డావు.

నెలాఖరు పరీక్ష ఎలా జరిగిందో రాయి.

బాబాయి


ఏప్రిల్ 30

బాబాయ్,

ముందు పరీక్ష. పన్నెండు మందిలో పది మంది బాగుందన్నారు. పదకొండో ఆయన "చిరాగ్గా ఉంది, దాటనివ్వడం లేదు" అని రాశాడు. మా పెద్దాయన దాన్ని కూడా బాగుందన్న లెక్కలోనే వేశాడు. డిఫెన్స్ ఆటలోకి వెళుతోంది. పిన్ని వెళుతోంది. చప్పట్ల బొమ్మలు వేరేవాళ్లు చూసుకుంటారు.

ఇక రెండోది. నెమ్మదిగా చదువు. ఒకసారి నిన్ను తొందరపడి బాధపెట్టాను కాబట్టి ఈసారి చిత్తు రాసుకుని మళ్లీ రాస్తున్నాను.

ఏ గీత దగ్గరుంటే ఆ గీత వైపు నెట్టమని మిషన్‌కి చెప్పాం. బాగుంది. కాని కోర్టు నడిమధ్య నుంచి వచ్చినవాడికి రెండు గీతలూ ఒకటే దూరం. అప్పుడు ఎటు? ఏదో ఒకటి చెప్పకపోతే పాపం ఆ బొమ్మ అక్కడే అటూ ఇటూ గింజుకుంటుంది. "బొమ్మా బొరుసూ వేసేద్దాం" అన్నాడు తాతగారు. సరే అనబోతుంటే నీ ఉత్తరం గుర్తొచ్చింది. నువ్వు నిలబడ్డావు అని రాశావు చూడు, అది.

నిలబడ్డాను కదా. ఎక్కడ నిలబడ్డాను? స్కూలు గ్రౌండులో నడిమధ్య. రెండు వైపులా సుద్దతో గీసిన గీతలు. బల్ల లేదు, స్కోరు లేదు, ఎవరూ రాయడం లేదు. గోడ పక్కన సిమెంటు బెంచీ మీద నువ్వు కూర్చుని పేపరు చదువుకునేవాడివి, మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లాలని. నేను ఎన్నిసార్లు బయలుదేరినా పిన్ని నన్ను బెంచీ వైపే నెట్టుకుంటూ తీసుకెళ్లేది. ప్రతిసారీ బంతి దొర్లుకుంటూ నీ కాళ్ల దగ్గరికే. నువ్వు పేపరు దించి, బంతి విసిరి, మళ్లీ పేపరెత్తేవాడివి. నీకు గుర్తుందో లేదో.

ఒకసారి నాకు ఒళ్లు మండింది. "ఎప్పుడూ అటే ఎందుకు నెడతావు పిన్నీ? ఇటు కూడా గీత ఉందిగా!" అన్నాను.

"మీ బాబాయి తలెత్తాలి కదే" అంది.

నేను నవ్వాను. అప్పుడది జోకనుకున్నాను. మొన్నమొన్నటిదాకా మర్చిపోయాను కూడా.

దగ్గరి గీత ఉంటే దానివైపు నెట్టడం ఆట బాబాయ్. అది ఎవరైనా చేస్తారు. రెండూ సమానమైనప్పుడు ఎటు అన్నదే మనిషి ఇష్టం. నీ ఆరు వందల నలభైలో అలాంటివి ఎన్నో నేను లెక్కపెట్టలేను, నువ్వూ లెక్కపెట్టకు. మా తెర మీది కోర్టు పక్కన కూడా స్కోరు బల్ల ఉంది. మిషన్‌కి నేను చెప్పింది ఒక్క ముక్క: సమానమైతే, బల్ల వైపు. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పను.

ఆటా, ఆడించే పెట్టే, కంట్రోలరూ పార్సిల్ చేస్తున్నాను. కంట్రోలర్‌లో ఎడమ వైపు మీట తోస్తే నీ మనిషి నడుస్తాడు. మిగతావేవీ ముట్టుకోకు. బంతి నీ చేతిలోనే ఉంటుంది. ఎదురుగా ఒకరు ఉంటారు.

నీ జిగురు


మే 16

జిగురూ,

పార్సిల్ వచ్చింది. పక్కింటి నర్సుగారు వైర్లు కలిపి పెట్టింది. మీట ఏదో నువ్వు చెప్పినట్టే ఉంది. మొదటి పూటంతా నా మనిషి గోడకు ఎదురుగా నడిచాడు. అతన్ని కోర్టు వైపు తిప్పడం రెండో పూటకు వచ్చింది.

నర్సుగారు కాసేపు ఆడింది. "ఏంటండీ ఇది, ఈ అమ్మాయి వదలదే!" అంది. ఆమె వెళ్లాక నేను కూర్చున్నాను.

ముఖం ఎవరిదో. జడ లేదు. మాట నిలబెట్టుకున్నావు. కాళ్లు చూశాను. తాకలేదు, దాటలేదు. మధ్యలో మూరెడు. నేను ఒక అడుగు ముందుకు వేస్తే ఒక అడుగు వెనక్కు వేసింది. నేను ఆగితే ఆగింది. ఆ జానెడు అలాగే ఉంది.

ఆమె ఆట ఎన్నో ఏళ్లు పక్క నుంచి చూశాను. ఎదురుగా నిలబడడం ఇదే మొదటిసారి.

ఇరవై సార్లు వెళ్లాను. ఒక్కసారి కూడా దాటలేకపోయాను. చివరి పది సార్లు దాటాలని చూడలేదు.

నడిమధ్య నుంచి వెళ్లాను. బల్ల వైపే తీసుకువెళ్లింది. మళ్లీ వెళ్లాను. మళ్లీ అటే. బంతి చేజారి దొర్లుకుంటూ వెళ్లి బల్ల కాలికి తగిలింది. నీ ఏప్రిల్ ఉత్తరంలోని రెండో సంగతి మళ్లీ తీసి చదివాను. బెంచీ గుర్తుంది. బంతి గుర్తుంది. పేపర్లో ఏం చదివేవాణ్ణో ఒక్క ముక్క గుర్తు లేదు.

పుస్తకంలో చివర ఒక ఖాళీ పేజీ మిగిలి ఉంది. తేదీ వేసి, ఇరవై గీటులు పెట్టాను. కాని ఆడుతున్నంతసేపూ రాయలేదు. అయిపోయాక రాశాను.

డిఫెన్స్‌లో లోపం ఏమీ కనబడలేదు. ఇంకొక చోట ఒకటి కనబడింది. మీ పెద్దాయనకు చెప్పు, లేదా ప్రేక్షకుల విభాగానికి చెప్పు. తెర మీద ఆ బల్ల దగ్గర ఒక మనిషి కూర్చుని రాసుకుంటూ ఉంటాడు. ఆమె అంత దూరం తీసుకువచ్చి ఎదురుగా ఆపినా, బంతి వచ్చి బల్లకు తగిలినా, అతను తల ఎత్తడం లేదు.

ఎత్తించు.

బాబాయి